సిమెంటు ఎటు వైపు మిగిలింది

చాంపియన్ రీఫ్స్ నుంచి ఫోను వచ్చేసరికి నా చేతులు ఒక పెద్దాయన నోట్లో ఉన్నాయి. కింది దవడకు అచ్చు తీస్తున్నాను. ముద్ద గట్టిపడేదాకా ట్రేను కదపకూడదు, మూడు నిమిషాలు పడుతుంది. నా దగ్గర పనిచేసే అమ్మాయి ఫోను ఎత్తి, రెండు మాటలు విని, స్పీకరు పెట్టి నా చెవి దగ్గరికి తెచ్చింది. మేస్త్రి పక్కింటాయన గొంతు. "డాక్టరమ్మా, మేస్త్రి పోయినాడమ్మా. పొద్దున కాఫీ తాగి గ్లాసు కింద పెట్టినాడంట. ఇంగ లేయలేదు." నేను ట్రే వదల్లేదు. వదిలితే అచ్చు చెడిపోతుంది, ఆ ముసలాయనకు మళ్ళీ ట్రే పెట్టి డోకు తెప్పించాలి. ఎవరు పోయారని పాపం ఆయన కళ్ళతోనే అడిగాడు. మిగిలిన నిమిషంన్నర గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. అచ్చు బాగా వచ్చింది. దాన్ని తీసుకుపోయి చూపించడానికి ఇక మనిషి లేడని అప్పుడు తట్టింది.

ఊరు ఆయన్ని పండ్ల మేస్త్రి అనేది. నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయన పళ్ళ డాక్టరు కాదు, పళ్ళు చేసే మనిషి. డాక్టరు అరగదీసిన పంటి మీద తొడిగే పింగాణి క్యాపును కాల్చి, రంగు కలిపి, పక్క పంటితో జత కుదిర్చి తెచ్చేవాడు. రాబర్ట్‌సన్‌పేటలో, ఆండర్సన్‌పేటలో యాభై దాటినవాళ్ళ నోళ్ళలో ఆయన చేసిన పళ్ళు ఇంకా నములుతూనే ఉన్నాయి. ఇది చదువుతున్న మీ నోట్లోనూ ఒకటి ఉండొచ్చు. చేసిందెవరో మీకు తెలిసుండదు. ఆ పేరు డాక్టర్లు ఎవరమూ చెప్పం.

మా ఊరి బంగారు గని నడిచిన రోజుల్లో ఆయన అసే ఆఫీసులో ఫర్నేసు దగ్గర ఉండేవాడు. రాతి పొడిని కాల్చి, యాసిడ్‌లో వేసి, అందులో బంగారం ఎంతుందో తేల్చే చోటు అది. గని మూతపడ్డాక అందరిలాగే తనూ తెల్లారి రైలెక్కి బెంగళూరు పోవడం మొదలుపెట్టాడు. ఒక డెంటల్ ల్యాబులో ఊడ్చే పని దొరికింది. అక్కడ చిన్న ఫర్నేసు కనిపించింది. "నిప్పు రంగు చూసి ఎంత వేడో చెప్పేవాణ్ణమ్మా నేను. వాండ్లు మిషన్లో నంబరు చూసి చెప్తా ఉండిరి. నవ్వొచ్చింది" అని చెప్పేవాడు. చీపురు పట్టుకునే ఆ పని నేర్చుకున్నాడు. కొన్నేళ్ళకు తిరిగొచ్చి, చాంపియన్ రీఫ్స్‌లో, గని పనివాళ్ళకు వరసగా కట్టిన లైన్లలో, తన ఇంటి వెనక గదిలో సొంతంగా ఒక ఫర్నేసు పెట్టుకున్నాడు.

నేను క్లినిక్కు తెరిచిన నెలలోనే వచ్చాడు. మెట్ల కింద చెప్పులు విడిచి, లోపలికొచ్చి, ఒక ప్లాస్టిక్ డబ్బా నా బల్ల మీద పెట్టాడు. అందులో రెండు క్యాపులు. నేను ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూస్తుంటే అడ్డుపడ్డాడు. "పైన అందరూ చూస్తారమ్మా. తిప్పి లోపల చూడు." లోపల గాజు మీద ఊపిరి వదిలినట్టు మసకగా, ఎక్కడా మరక లేకుండా ఉంది. యాసిడ్‌తో గరుకు చేసిన పింగాణి అట్లాగే ఉంటుంది. ఆ గరుకులోకి సిమెంటు దిగి పట్టుకుంటుంది. పింగాణి వైపు పని ఆయనది. పంటిని సిద్ధం చేసి, సిమెంటు పెట్టి కూర్చోబెట్టడం నాది.

ఆయనకు ఒక నియమం ఉండేది. ఊడిపోయిన క్యాపును పారెయ్యకూడదు. ఎవరు చేసిందైనా సరే, ఎన్నేళ్ళదైనా సరే, ఆయనకు ఇవ్వాలి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, గని రోజుల భూతద్దం కంటికి ఆనించుకుని చాలాసేపు చూసేవాడు. "సిమెంటు యాడుండాదో చూడు, అది అబద్ధం చెప్పదు" అనేవాడు. సిమెంటు మొత్తం క్యాపుతో పాటు ఊడొస్తే, అది పంటిని వదిలిందన్నమాట. తప్పు డాక్టరుది. సిమెంటు పంటి మీదే ఉండిపోయి క్యాపు లోపల నున్నగా ఉంటే, పింగాణి వదిలింది. తప్పు మేస్త్రిది. కొంత అటూ కొంత ఇటూ ఉండి సిమెంటే నడిమికి చీలితే, "ఇది నీదీ కాదు, నాదీ కాదమ్మా. నీళ్ళది" అనేవాడు. నోట్లో తడి ఆరేది లేదు. ఏళ్ళ తరబడి ఆ తడి అతుకులోకి దూరుతూనే ఉంటుంది.

మొదటి ఏడాదిలోనే వరసగా మూడు క్యాపులు నా వైపు తప్పని తేల్చాడు. నేను కోపిష్టిదాన్ని. చదివింది నేను, బంగారు పతకం నాది, గోడ మీద పటం కట్టి ఉంది. ఊడ్చే పనిలో నేర్చుకున్న మనిషి నాకు పాఠం చెప్పడమేమిటని ముఖం ముడుచుకున్నాను. ఆయన ఏమీ అనుకోలేదు. "అతికించిన దినం అన్నీ అతుకుతాయమ్మా. పదేండ్లయినాక నాకు చెప్పు" అని డబ్బా సంచిలో వేసుకుని పోయాడు. ఆ రాత్రి పుస్తకాలు తీసి చదివితే ఆయన చెప్పిందే అందులోనూ ఉంది. మరుసటి శనివారం సిగ్గు విడిచి వాళ్ళింటికి పోయాను.

తర్వాత శనివారం మధ్యాహ్నాలు నాకు అలవాటైపోయాయి. క్లినిక్కు మూసి, వారంలో తీసిన అచ్చులన్నీ పట్టుకుని చాంపియన్ రీఫ్స్ పోయేదాన్ని. గని బావి మీద ఇప్పుడు తిరగని షాఫ్ట్ చక్రం కనిపించే సందులో మూడో ఇల్లు. ఆయన అచ్చులు చూస్తూ ఒక్కోదానికీ ఒక మాట అనేవాడు. ఈ అంచు బాగుంది, ఇక్కడ నీ చెయ్యి తొందరపడింది, ఈ మనిషి పండ్లు కొరుకుతాడు నిద్రలో. వదిన రాగి సంగటి, అనపగింజల పులుసు పెట్టేది. నేను సంగటి నమిలితే ఆయన నవ్వేవాడు. "అది మింగేదమ్మా, నమిలేది కాదు. మా కామసముద్రంలో మాదిరి అందరూ సంగటే తినుంటే నీ క్లినిక్కు ఎప్పుడో మూతపడేది." వదిన ఆయన్ని కసిరేది. వాళ్ళకు పిల్లలు లేరు. నేను ఒంటరిదాన్ని. నా పని గురించి ఈ ఊళ్ళో నేను మాట్లాడింది ఆ ఒక్క ఇంట్లోనే.

ఇది ఆయన గొప్పతనం చెప్పడానికి మాత్రమే రాయడం లేదు. నేను చేసిన ఒక పని ఉంది. అది చెప్పకుండా ఆయన్ని తలుచుకునే హక్కు నాకు లేదు.

ఏడేళ్ళ కిందట బైరకూరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. డిగ్రీ మొదటి సంవత్సరం. వాళ్ళ నాన్న పట్టుపురుగులు పెంచుతాడు, కాస్త మామిడి తోట ఉంది. మా జిల్లాలో ఫ్లోరైడు బోరు నీళ్ళు తాగి పెరిగిన పిల్లల పళ్ళు ఎట్లా ఉంటాయో అందరికీ తెలిసిందే. ముందు పళ్ళు రెండూ బెల్లం రంగు మచ్చలతో గుంటలు పడి ఉన్నాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేది. ఆ రెండింటికీ పింగాణి క్యాపులు అనుకున్నాం. మేస్త్రి బెంగళూరు నుంచి కొత్త రంగులు తెప్పించి, ఆ అమ్మాయిని రెండుసార్లు ఎండలో నిలబెట్టి చూసి, మూడుసార్లు కాల్చి చేశాడు. అంత మంచి పని నేను మళ్ళీ చూడలేదు.

క్యాపులు చేతికొచ్చిన రోజు అమావాస్య. అమ్మాయి వాళ్ళ అవ్వ ఒప్పుకోలేదు. "ఈ దినం వద్దమ్మా. శుక్రవారం పెట్టిద్దువు. అంతదాకా మా దేవుని ముందర పెట్టుకుంటాము, డబ్బా ఇట్లియ్యి" అంది. కొత్త తట్టలు కొన్నా, కొత్త కొడవలి కొన్నా పూజ చేసిగానీ వాడని ఇల్లు. నాకు నవ్వొచ్చింది, ఇచ్చేశాను. శుక్రవారం తెచ్చారు. బయట బెంచీ నిండా జనం. మూత తీస్తే క్యాపులు తెల్లగా మెరుస్తున్నాయి. సిమెంటు పెట్టి కూర్చోబెట్టాను. తిప్పి లోపల చూడలేదు. బయటికి పోయొచ్చిన క్యాపును శుభ్రం చేసి గానీ పెట్టకూడదని నాకు తెలుసు, అయినా చెయ్యలేదు. అది తప్పని కూడా ఆ రోజు నాకు అనిపించలేదు.

నాలుగు నెలలకు కాలేజీలో, క్లాసు ముందర నిలబడి ఆ అమ్మాయి ఏదో చదువుతుండగా ఒక క్యాపు ఊడి బల్ల మీద పడింది. ఎవరో నవ్వారు. ఆ పిల్ల మూడు వారాలు కాలేజీకి పోలేదు. వాళ్ళ నాన్న ఆ క్యాపును చేతిరుమాల్లో కట్టుకుని నా క్లినిక్కుకు వచ్చి, "ఇదేనా అమ్మా మీ పని?" అని అడిగాడు. నేను ఒక్క క్షణం కూడా ఆగకుండా, "ల్యాబు వైపు ఏదో జరిగినట్టుంది, కనుక్కుంటాను" అన్నాను. చేతులు దులుపుకోవడం అంత తేలిక. మేస్త్రికి ఫోను చేస్తే పావుగంటలో వచ్చాడు. పంటి మీద సిమెంటు మొత్తం చెక్కుచెదరకుండా ఉంది. క్యాపు లోపల నున్నగా, ఒక్క రవ్వ లేకుండా ఉంది. ఆయన భూతద్దంలో రెండుసార్లు చూశాడు. తర్వాత ఆ రైతు ముందర నిలబడి, "నాదే తప్పప్పా. డాక్టరమ్మది ఏమీ లేదు" అన్నాడు.

రెండూ మళ్ళీ చేసిచ్చాడు. ఈసారి నేను ఆయన చేతి నుంచి అందుకుని అక్కడికక్కడే పెట్టాను. అవి ఇప్పటికీ ఉన్నాయి. కానీ మేస్త్రి మారిపోయాడు. "ముందర పండ్లు ఇంగ నాకు పంపొద్దమ్మా. దవడ పండ్లయితే చేస్తా" అన్నాడు. నువ్వు వద్దన్నా పంపుతాను, నువ్వే చెయ్యాలి అని నేను గట్టిగా అనుంటే చేసేవాడేమో. అనలేదు. ముందు పళ్ళ పని బెంగళూరుకు పంపడం మొదలుపెట్టాను. ఊళ్ళో మిగతా డాక్టర్లకు కూడా ఆయనే చెప్పేశాడు, తన చెయ్యి పాడైందని.

అప్పుడు మొదలైనాయి ఆ సీసాలు. తన తప్పు ఏమిటో తనకు తెలియాలి, అంతే. క్యాపు చేసే పింగాణితోనే చింతగింజంత బిళ్ళలు కాల్చి, రెండేసి బిళ్ళల్ని సిమెంటుతో అతికించి, ఊరగాయ సీసాల్లో నీళ్ళు పోసి అందులో వేశాడు. కొన్ని బోరు నీళ్ళలో, కొన్ని వాన నీళ్ళలో. ఒక్కో సీసాలోవి ఒక్కో రకంగా కావాలనే చెడగొట్టి చేసినవి. ఒకదానికి యాసిడ్ తక్కువసేపు, ఒకదానికి ఎక్కువసేపు, ఒకటి కడగకుండా, ఒకటి దుమ్ములో పొర్లించి, ఒకటి వేలిముద్ర వేసి. వాటిని వెనక గది అరల్లో వరసగా పెట్టాడు. లైన్లలో నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు. వదిన బిందెలు నింపుకుంటుంటే ఈయన తన సీసాలకు ఒక చెంబు పక్కన పెట్టుకునేవాడు.

ఏటా ఆయుధపూజ నాడు ఫర్నేసుకు బొట్టు పెట్టాక ఒక్కో సీసాలో నుంచి ఒక్కో జత తీసేవాడు. దూలానికి ఒక బిళ్ళ కట్టి, రెండో బిళ్ళకు డబ్బా వేలాడదీసి, అందులో ఇసుక పోయడం. పోసేది వదిన. జత విడిపోయి డబ్బా కింద పడగానే, "నిలుపు" అనేవాడు. ఇసుక తూచి గోడ మీద బొగ్గుతో గీత గీసేవాడు. తర్వాత భూతద్దం పెట్టుకుని సిమెంటు ఎటు మిగిలిందో చూసేవాడు. ఏడాదికేడాది తక్కువ ఇసుకకే విడిపోయేవి. "నీళ్ళకు తొందర లేదమ్మా. మనకే" అనేవాడు. అయితే ఎంత చెడగొట్టి చేసినా రెండేళ్ళకు ముందు తనంతట తాను విడిపోయిన జత ఒక్కటీ లేదు. ఆయన్ని తొలిచేది అదే. "నాలుగు నెలల్లో ఊడేది ఎట్ల చేసినానో నాకే తెలీలేదే. అంత పెద్ద తప్పు నా చేతిలో యాడుండాది?" అని అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకునేవాడు.

రెండేళ్ళ కిందట ఆ అమ్మాయి వాళ్ళ అవ్వ నా దగ్గరికి పన్ను పీకించుకోవడానికి వచ్చింది. మత్తు ఎక్కేదాకా కబుర్లు చెబుతోంది. మనవరాలికి ఎంఏ అయిందట, సంబంధాలు చూస్తున్నారట. "ఆ పిల్ల పండ్లకు దిష్టి తగలగూడదని నేనెంత చేసినానో నీకు తెలీదు డాక్టరమ్మా. దేవుని ముందర పెట్టి, నెయ్యిలో పసుపు కలిపి బొట్టు పెట్టినా. పైన పెడితే నువ్వు తిడ్తావని లోపల పెట్టినా, ఎవురికీ కనపడదు గదా. మళ్ళీ కొంగుతో తుడిచేసినాలే. అయినా మొదుటిది ఊడిపోయె, మా అదృష్టం అట్లుండాది" అంది. ఆమె ముఖంలో కల్మషం లేదు. యాసిడ్‌తో గరుకు చేసిన పింగాణికి ఒకసారి నెయ్యి పట్టిందంటే కొంగుతో తుడిస్తే పోదు. సిమెంటు ఆ నెయ్యి మీద కూర్చుంది. తప్పు మేస్త్రిది కాదు. అవ్వది అనడానికి నోరు రాదు, ఆమెకేం తెలుసు. తప్పు తిప్పి చూడని నాది.

ఆ శనివారం చెప్పేద్దామనే పోయాను. తోవ పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. పోయేసరికి ఆయన అరలు తుడుస్తున్నాడు. నా అచ్చులు తీసుకుని చూసి, "ఈ ఊర్లో ఇంత శుద్ధంగా తీసేవాళ్ళు ఇంగెవరూ లేరమ్మా. నీ పని వస్తే నేను మళ్ళీ చూసుకునే పని లేదు" అన్నాడు. వచ్చే వారం చెబుదాంలే అనుకున్నాను. వచ్చే వారం వదినకు జ్వరం. ఆ తర్వాత వారం చుట్టాలు. సాకులు దొరకని వారాల్లో కూడా చెప్పలేదు.

ఆయుధపూజ నాడు ఇసుక పోయడం అయ్యాక ఒకసారి చెప్పేదాకా వచ్చాను. "అన్నా, నెయ్యో నూనెనో తగిలుంటే?" అన్నాను. ఆయన తలెత్తి నా వైపు చూశాడు. "నూనె యాడ నుంచి వస్తాదమ్మా? క్యాపు నా చేతిలో నుంచి నీ చేతిలోకి వచ్చె. నీ చేతిలో నుంచి ఆ పిల్ల నోట్లోకి పోయె. నడాన ఎవురుండారు?" అన్నాడు. అవును, ఎవరున్నారు అన్నాను నేను. ఆయన మళ్ళీ బొగ్గు తీసుకుని గోడ వైపు తిరిగాడు.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. తిడతాడని కాదు, ఆయన తిట్టే మనిషి కాదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళందరూ అద్దంలో పైపైన చూసుకుని బాగుందమ్మా అని పోతారు. నా పని లోపలి వైపు చూసి బాగుందనేది ఆయన ఒక్కడే. ఆ ఒక్కడి కళ్ళలో పలచన కావడం నా వల్ల కాలేదు. నా గౌరవం నిలబడాలని ఆయన్ని ఆ సీసాల ముందర కూర్చోబెట్టాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. రాయకుండా ఉంటే ఇంకా సిగ్గు.

పోయినేడు ఆయనకు కంటి ఆపరేషన్ అయింది. నల్ల కళ్ళద్దాలతోనే సీసాల నీళ్ళు మార్చేవాడు. పోవడానికి ముందరి శనివారం వెళ్ళినప్పుడు ఉత్సాహంగా ఉన్నాడు. "ఒక మాట తట్టిందమ్మా. ఆ యాసిడ్ సీసా పాతదై ఉంటే? మూత సరిగ్గా పెట్టకుండా ఉంటే? ఈసారి అది చేసి చూస్తా. ఇంగొక నాలుగేండ్లు నిలిపి చూడల్ల" అన్నాడు. "చేసి చూడన్నా" అన్నాను. ఆయనతో నేను ఆడిన ఆఖరి మాట అదే.

ఇప్పుడు నా క్యాపులన్నీ బెంగళూరులో అవుతాయి. కంప్యూటర్లో కొలతలు పంపితే నాలుగో రోజుకు కొరియర్లో వస్తాయి. పని బాగానే ఉంటుంది, అబద్ధమాడకూడదు. మొన్న తొమ్మిదేళ్ళ పాత క్యాపు ఒకటి ఊడొస్తే, అలవాటు కొద్దీ వాళ్ళకు ఫోను చేసి పంపించమంటారా అని అడిగాను. "దేనికి మేడమ్, కొత్తది చేసిస్తాం" అన్నాడు అవతలి కుర్రాడు, మర్యాదగానే. ఫోను పెట్టేశాక ఆ క్యాపును అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. సిమెంటు సగం అటు, సగం ఇటు. నీళ్ళది అని చెబితే వినేవాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు.

ఆయన పోయిన పదకొండో రోజు వదిన కబురు పెట్టింది. కామసముద్రం నుంచి వచ్చిన చుట్టాలు భోజనాలు చేసి ఎండ తగ్గకముందే బస్సులకు వెళ్ళిపోయారు. వదిన నాకు విడిగా వెనక గదిలో ఆకు వేసింది, అక్కడ చల్లగా ఉంటుందని. తను గడప మీద కూర్చుంది. వడ్డించింది నేను ముట్టుకోలేదు. అమావాస్య, డబ్బా, అవ్వ, నెయ్యి, నేను తిప్పి చూడకపోవడం, అన్నీ చెప్పాను. ఏడవకూడదనుకున్నాను కానీ ఏడ్చాను.

"ఇది నీకు ఎప్పుడు తెలిసె?" అని అడిగింది వదిన.

"రెండేండ్లయింది వదినా."

"అంటే ఆ పిల్ల పెండ్లికి ముందే" అంది.

ఆ పెళ్ళికి నేను పోయాను. పోయిన వేసవిలో, ముళబాగిలు కల్యాణ మండపంలో. పెళ్ళికూతురు నోటికి చెయ్యి అడ్డం లేకుండా నవ్వుతూ ఫొటోలు దిగుతోంది. నన్ను చూసి, "మేస్త్రన్న రాలేదా డాక్టరమ్మా? నేనే పోయి పత్రిక ఇచ్చొచ్చినా" అని అడిగింది. ఎండకు భయపడి ఉంటాడులే అని చెప్పి, భోజనం చేసి వచ్చాను.

"ఆ పిల్ల వచ్చి పిలిచిందని కొత్త చొక్కా కుట్టించుకున్నాడు" అంది వదిన. "తెల్లది. పొద్దున్నే నీళ్ళు పోసుకుని, తొడుక్కుని, బస్టాండుకు పోయినాడు. నాకు మోకాళ్ళ నొప్పి, నేను పోలేదు. ఒక జామైనాక చూస్తే తిరిగొస్తా ఉండాడు. ఏమప్పా, అప్పుడే అయిపోయెనా పెండ్లి అంటే, నేను పోలేదే అన్నాడు. రెండు బస్సులు వచ్చినాయంట, ఎక్కలేదంట. 'అంత మంది ముందర ఆ పిల్ల నోట్లో నుంచి ఊడిపడింది నా పనే గదా. మంచి దినాన నా మొగం చూస్తే ఆ పిల్లకు అదే గ్యాపకమొస్తాది' అన్నాడు. చొక్కా విప్పి, మళ్ళీ మడతలోనే పెట్టినాడు. ఇంగ తొడగలేదు. మొన్న నేనే తీసిచ్చి తొడిగించినా."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. గడప పట్టుకుని మెల్లగా లేచి, నా ఆకులో పులుసు మళ్ళీ పోసింది. "చల్లారిపోతా ఉండాది. తిను" అంది. తిన్నాను.

ఇంటికి పోయే తోవలో బస్టాండు దగ్గర ఆగిపోయాను. ముళబాగిలు బస్సులు ఆగే వైపు ఒక సిమెంటు అరుగు ఉంది, దాని మీద సగమే నీడ. అక్కడ కూర్చున్నాను. ఒక బస్సు వచ్చింది. కండక్టరు ఊళ్ళ పేర్లు అరిచి, నా వైపు చూసి, "పోదామా అమ్మా?" అని అడిగాడు. తల అడ్డంగా ఊపాను. బస్సు పోయింది. పెళ్ళికి పోయేవాళ్ళో ఎవరో పూల బుట్ట పట్టుకుని నా పక్కన కూర్చుని, నాతో రెండు మాటలు మాట్లాడి, ఫోనులో పడ్డారు. నీడ జరిగి నా మోకాళ్ళ మీదికి ఎండ వచ్చింది. రెండో బస్సు రావడానికి యాభై నిమిషాలు పట్టింది.